రసాయన పత్రికకు నూరేళ్ళు నిండితే కళాశాలలో ఏం చేయాలి?

శారద (డిగ్రీ కళాశాల, కెమిస్ట్రీ విభాగం)

అందరికీ నమస్కారం. కోస్తా ప్రాంతంలోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో నేను కెమిస్ట్రీ బోధిస్తున్నాను. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ తొలి అధ్యక్షుడుగా 1924లో కలకత్తాలో ఏర్పడిన ఇండియన్ కెమికల్ సొసైటీ అదే సంవత్సరం తన పరిశోధన పత్రికను కూడా ప్రారంభించింది. ఆ పత్రిక శతవార్షికోత్సవాన్ని, కొంత ఆలస్యమైనా సరే, మా విభాగం తరఫున ఒక రోజు కార్యక్రమంగా జరపాలని అనుకుంటున్నాము. ప్రిన్సిపాల్ గారు అనుమతి ఇచ్చారు. సెమినార్ హాలు దొరుకుతుంది, ల్యాబును కూడా ఆ రోజు మాకు వదిలేస్తామన్నారు. డబ్బు మాత్రం ఒక ఫ్లెక్సీకి, టీ బిస్కట్లకు మించి రాదు.

శాస్త్రవేత్త జయంతి అయితే ఏం చేయాలో ఎవరినీ అడగనక్కరలేదు. పటానికి దండ వేస్తాము, ఎవరో ఒకరు జీవిత విశేషాలు చెబుతారు, క్విజ్ పెట్టి బహుమతులు పంచుతాము. పత్రికకు పటం ఉండదు కదా. మా పిల్లలలో చాలామంది ఒక పరిశోధన వ్యాసాన్ని ఫోనులోనైనా మొదటినుంచి చివరిదాకా చదివినవారు కారు. పాఠ్యపుస్తకంలో తాము చదువుతున్నదంతా మొదట ఎక్కడో ఒక పత్రికలో, ఎవరో ఒకరి పేరుతో, ఫలానా నెలలో అచ్చయిందన్న ఊహే వారికి కొత్త. కనుక ఆ రోజు వారికి ఏం చూపాలి, వారి చేత ఏం చేయించాలి అన్నదే నా ప్రధానమైన ప్రశ్న.

రెండోది చిన్న సందేహం. 2023 నాటి సంపుటం మీద 100 అన్న సంఖ్య ఉంది, 2024 నాటి దాని మీద 101 ఉంది. నూరేళ్ళు ఏ సంవత్సరానికి నిండినట్లు? ఫ్లెక్సీ మీద ఏది వేయాలన్న విషయంలో మా విభాగంలోనే రెండు పక్షాలు తయారయ్యాయి. మూడోది, తెలుగువారికి గాని తెలుగు నేలకు గాని ఈ చరిత్రతో నిజమైన సంబంధం ఏదైనా ఉంటే చెప్పండి. లేని చుట్టరికం కలపవద్దని మా సీనియర్ మాస్టారు ముందే హెచ్చరించారు.


పాతసంపుటాలు (విశ్రాంత గ్రంథపాలకుడు)

శారద గారూ, ముందు ఫ్లెక్సీ తగవు తీరుద్దాం. మొదటి సంపుటం 1924 సంవత్సరానిది. ఏడాదికొక సంపుటం చొప్పున లెక్కపెట్టుకుంటూ వస్తే నూరవది 2023లో పడుతుంది, కాని మొదటి సంచిక వెలువడి నూరు సంవత్సరాలు గడిచింది 2024లో. అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికకూ ఇదే చిక్కు ఉంది: 1879లో మొదలైన ఆ పత్రిక 125వ సంపుటం 2003లో వచ్చింది, 125 ఏళ్ళు 2004లో నిండాయి. కనుక రెండు పక్షాలదీ సరైన లెక్కే. సంపుటాల లెక్కా, సంవత్సరాల లెక్కా రెండూ వేయించండి. దాన్ని చూసి ఎందుకిలా అని అడిగే విద్యార్థి ఒక్కడున్నా అక్కడినుంచే సంభాషణ మొదలవుతుంది.

ఇక చరిత్ర. ఈ పత్రిక ఆలోచన లండన్‌లో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడి యూనివర్సిటీ కాలేజీలో ఎఫ్. జి. డొన్నన్ దగ్గర పనిచేయడానికి వెళ్ళిన ముగ్గురు యువకులు, జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ్ ముఖర్జీ, శాంతిస్వరూప్ భట్నాగర్, మన దేశపు రసాయన శాస్త్రవేత్తలకు సొంత సంఘమూ సొంత పత్రికా ఉండాలని అక్కడే అనుకున్నారు. తిరిగి వచ్చాక ముగ్గురూ తలొక దిక్కుకు వెళ్ళారు: ఘోష్ ఢాకాకు, భట్నాగర్ కొంతకాలానికి లాహోరుకు. ముఖర్జీ కలకత్తాలో ఉండి సంఘానికి తొలి కార్యదర్శి అయ్యారు. అంతకుముందు ఇక్కడివారి ముఖ్యమైన వ్యాసాలు చాలావరకు లండన్ కెమికల్ సొసైటీ పత్రికకే వెళ్ళేవి. లేదా రాయ్ గారు మెర్క్యురస్ నైట్రైట్ గురించి 1896లో చేసినట్లు, చరిత్ర, భాషలు, జీవజాతులు అన్నిటినీ పట్టించుకునే బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో చోటు వెతుక్కోవలసి వచ్చేది. తమ విషయం తెలిసినవారే చదివి, తప్పొప్పులు చెప్పి, ఇక్కడే అచ్చువేసే వేదిక లేకపోవడమే ఆ ముగ్గురి వెలితి. తొలి నాలుగేళ్ళు మూడు నెలలకొకసారి ‘క్వార్టర్లీ జర్నల్’ పేరుతో వెలువడి, 1928 నుంచి ఇప్పటి పేరుతో వస్తున్నది. రాయ్ గారి డెబ్భయ్యో ఏటి స్మారక సంపుటాన్ని 1933లో ఇదే పత్రిక తెచ్చింది.

పిల్లలకు ఘోష్ గారి కథ తప్పకుండా చెప్పండి. ఉప్పు వంటి బలమైన విద్యుద్విశ్లేష్యాలు నీటిలో పూర్తిగా అయాన్లుగా విడిపోతాయనీ, ఆ అయాన్లు ద్రావణంలో కూడా స్ఫటికంలో మాదిరిగా ఒక అమరికలో ఉంటాయనీ ఆయన 1918లో లండన్ పత్రికలో రాశారు. ఆ రోజుల్లో యూరప్‌లో పెద్దపెద్దవారు దాన్ని చర్చించారు. 1923లో డిబై, హ్యూకెల్ ఇద్దరూ పూర్తి విభజనను ఉంచి, స్థిరమైన అమరికను తీసేసి, ప్రతి అయాను చుట్టూ వ్యతిరేక ఆవేశపు అయాన్లు గుమికూడి ఉండే చిత్రాన్ని దాని స్థానంలో పెట్టారు. మీ బీఎస్సీ సిలబస్‌లో డిబై–హ్యూకెల్ ఉంటుంది, ఘోష్ ఉండరు. పత్రికలో మాత్రం ఇద్దరూ ఉంటారు. ముందువారి నుంచి తరువాతివారు దేనిని తీసుకున్నారో, దేనిని వదిలేశారో చూడాలంటే పాత సంపుటాలకే వెళ్ళాలి.

ప్రదర్శనకు ఒక మాట. దగ్గరలోని విశ్వవిద్యాలయం నుంచి ఒకటి రెండు సంపుటాలు అడిగి తెచ్చుకోగలిగితే వాటిని గాజు పెట్టెలో పెట్టకండి, బల్ల మీద తెరిచి ఉంచండి. వ్యాసం మొదట్లోనో చివరనో ఉండే ప్రయోగశాల చిరునామా, సంపాదకులకు అందిన తేదీ, ఎవరికి కృతజ్ఞత చెప్పారు, ఎన్ని గ్రాముల పదార్థంతో మొదలుపెట్టి ఎంత దిగుబడి సాధించారు అన్నవి చూపించండి. బైండింగుకు పంపేటప్పుడు అట్టలనూ ప్రకటనల పేజీలనూ ఊడదీసి కుట్టించడం మన గ్రంథాలయాలలో మామూలు పద్ధతి. నా దృష్టిలో అది పెద్ద నష్టం. ఆ కాలపు ల్యాబులో ఏ త్రాసు వాడేవారో, రసాయనాలు ఎక్కడినుంచి తెప్పించేవారో చెప్పేవి ఆ ప్రకటనలే. బైండు కాని విడి సంచికలు పాత ప్రొఫెసర్ల ఇళ్ళలో ఇంకా ఉండవచ్చు, అడిగి చూడండి. నేను పనిచేసిన ఒకచోట స్థలం చాలదని మొత్తం అరలనే తూకానికి వేశారు. ఆ విషయం ఇక్కడ విస్తరించను.


జీడిమెట్ల కెమిస్టు

శారద గారి ఉత్సాహానికి అడ్డు రావాలని నా ఉద్దేశం కాదు. నేను ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగిని, పత్రికలు నాకు రోజువారీ పనిముట్లు. కాని పత్రికల పుట్టినరోజులంటే నాకు కొంత అనుమానం. ఈ మధ్య ఏ పెద్ద పత్రికకు ఏభై నిండినా నూరు నిండినా ప్రచురణ సంస్థ ఒక ముఖచిత్రం గీయిస్తుంది, ఎక్కువగా ఉదహరించబడిన వ్యాసాల జాబితా ఒకటి పెడుతుంది, సంపాదకీయంలో తనను తాను అభినందించుకుంటుంది. జర్మన్ కెమిస్టుల ఆంగెవాండ్టె హెమీ 125 ఏళ్ళ పండుగ 2013లో బెర్లిన్‌లో ఘనంగా జరిగింది, అందులో మంచి ప్రసంగాలు ఉన్నాయని ఒప్పుకుంటాను. అయినా ఆ పండుగ ఎవరిది, చదివేవాళ్ళదా, అమ్మేవాళ్ళదా అన్న ప్రశ్న మీ పిల్లలకు కూడా రావాలి.

ఇండియన్ కెమికల్ సొసైటీ పత్రికనే చూడండి. మనది మనమే అచ్చువేసుకోవాలని పుట్టిన పత్రిక 2021 నుంచి ఎల్సెవియర్ అనే డచ్చి సంస్థ ద్వారా వెలువడుతున్నది. అందులో తప్పు పట్టడానికి లేదు, ఒక చిన్న సంఘం ఇంటర్నెట్ యుగంలో పత్రికను ఒంటరిగా నడపటం ఎంత కష్టమో ఊహించగలను. కాని పండుగ రోజున ఆ మాట దాచిపెట్టకూడదు. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలలో ఉన్నవారు చదువుకోవచ్చు. మీది ప్రభుత్వ కళాశాల కనుక మీ పిల్లలకు లాగిన్ వస్తుందేమో మీ గ్రంథాలయంలో వెంటనే కనుక్కోండి. ఊళ్ళోని ప్రైవేటు కళాశాల పిల్లలకు మొదటి దశలో ఆ సౌకర్యం లేదు. ఫ్లెక్సీ మీద పెట్టే ఖర్చు కన్నా ఆ రోజు ప్రతి విద్యార్థి చేత ఒక్కసారి లాగిన్ చేయించడం ఎక్కువ ఉపయోగం.

ఇంకొక మాట. పత్రికలకూ చావు ఉంది. లీబిగ్ 1832లో మొదలుపెట్టిన ఆనాలెన్ పత్రిక ఒకప్పుడు ప్రపంచంలోని ఆర్గానిక్ కెమిస్టులందరూ ఎదురుచూసిన పత్రిక. 1868లో మొదలైన జర్మన్ కెమికల్ సొసైటీ బెరిఖ్టె కూడా అంతటిదే. రెండూ 1990ల చివరలో ఫ్రెంచి, ఇటాలియన్, డచ్చి పత్రికలతో కలిసి యూరోపియన్ పత్రికలుగా మారిపోయాయి, ఆ పాత పేర్లకు ద్విశతాబ్ది ఉండదు. పుట్టుకలు కూడా ఎప్పుడూ శుభకార్యాల వంటివి కావు. రసాయన శాస్త్రానికే ప్రత్యేకమైన తొలి పత్రికను 1778లో లోరెంజ్ క్రెల్ జర్మనీలో తెచ్చాడు. ఫ్రాన్సులో ఆక్సిజన్ సిద్ధాంతం చెబుతున్న లవోయిజియే వర్గానికి, ఫ్లోజిస్టన్‌ను (మండేటప్పుడు వస్తువులోంచి బయటికి పోతుందని పాతకాలంలో నమ్మిన పదార్థాన్ని) వదలని సంపాదకుడి చేతిలో ఉన్న భౌతికశాస్త్ర పత్రికతో పడలేదు. అందుకని గీటన్ ద మోర్వో, బెర్తొలే, ఫుర్‌క్రువా తదితరులతో కలిసి 1789లో ఆనాల్ ద షిమీ అనే సొంత పత్రిక పెట్టుకున్నారు. నాలుగేళ్ళకే విప్లవపు అల్లకల్లోలంలో అది ఆగిపోయింది. 1794 మే 8న లవోయిజియే తల గిలటిన్ కింద తెగింది. పత్రిక మాత్రం 1797లో మళ్ళీ లేచింది. తగవుతో పుట్టిన పత్రిక తగవులో గెలిచింది కనుక ఈ రోజు మనం దాన్ని గౌరవంగా తలుచుకుంటున్నాము.

వయస్సే నాణ్యత కాదని కూడా చెప్పండి. కాని కొత్తదనం ముసుగులో డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలకు మన ఊరే ఒకప్పుడు పేరుపడింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. రేపు మీ విద్యార్థులు ఎంఎస్సీలో చేరగానే అటువంటి ఈమెయిళ్ళు వారికి రావడం మొదలవుతుంది.


పాతసంపుటాలు

జీడిమెట్ల వారి అనుమానంలో న్యాయం ఉంది. అయితే సొంత పత్రిక అనేది ఉత్త ఆత్మగౌరవ విషయం కాదనడానికి ఒక్క ఉదాహరణ చాలు. రష్యన్ కెమికల్ సొసైటీ 1868లో ఏర్పడింది, దాని పత్రిక మొదటి సంపుటం 1869లో వచ్చింది. యూరప్ కెమిస్టులలో ఎక్కువమంది చదవలేని భాషలో వెలువడిన, పేరు కూడా ఎవరికీ తెలియని ఆ కొత్త పత్రిక తొలి సంపుటంలోనే మెండెలీవ్ ఆవర్తన పట్టిక వ్యాసం ఉంది. ఆ ఏడాది మార్చిలో సంఘం సమావేశంలో ఆ పనిని మెండెలీవ్ తరఫున చదివింది మెన్షుత్కిన్, పత్రిక సంపాదకుడూ ఆయనే. అదే సంవత్సరం దాని సారాంశం జర్మన్‌లో వచ్చింది కనుక మిగతా లోకానికి తెలిసింది. మీ ల్యాబు గోడ మీద వేలాడే పట్టిక కింద ఈ సంగతి ఒక కాగితం మీద రాసి అంటించండి.


వాల్తేరు పూర్వవిద్యార్థి

తెలుగు నేల సంబంధం అడిగారు కనుక చెబుతున్నాను. సి. వి. రామన్ 1934లో బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ స్థాపించి, దాని ప్రొసీడింగ్స్‌ను ప్రారంభించారు. ఆ పత్రికలోని రసాయన భాగమే తరువాత విడివడి, 2004 నుంచి జర్నల్ ఆఫ్ కెమికల్ సైన్సెస్ పేరుతో వస్తున్నది. ఆ ప్రొసీడింగ్స్‌కు 1930లలోనూ 1940లలోనూ వాల్తేరు నుంచి వెళ్ళిన వ్యాసాలు లెక్కకు మిక్కిలి. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన టి. ఆర్. శేషాద్రి గారు అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ విభాగాన్ని నడుపుతున్నారు. ఆయన తమిళులు, 1949లో ఢిల్లీ వెళ్ళారు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆయన పేరు నిలబెట్టిన పనిలో పెద్ద భాగానికి వాల్తేరులోనే పునాది పడింది.

వాళ్ళు ఎంచుకున్న పదార్థాలు చూస్తే మీ పిల్లలకు ఆశ్చర్యం కలుగుతుంది. నీలకంఠం, శేషాద్రి కలిసి పత్తి పువ్వులలోని పసుపు రంగు పదార్థాల మీద వరసగా వ్యాసాలు రాశారు. రంగస్వామి, శేషాద్రి కానుగ గింజలలోని కరంజిన్, పొంగమాల్ గురించి రాశారు. పత్తి చేను చూడని పిల్ల, కానుగ చెట్టు నీడన నిలబడని పిల్లవాడు మీ తరగతిలో ఉండరు. రోజూ చూసే ఆ పువ్వు రేకులను ఆల్కహాలులో మరిగించి, వడపోసి, స్ఫటికాలు కట్టించి, ద్రవీభవన స్థానం కొలిచి, నిర్మాణం ఇదీ అని చెప్పడం ఎలాగో ఆ పేజీలలో ఉంది. వర్ణపటాలు తీసే యంత్రాలు లేని రోజులు కనుక ప్రతి అడుగూ ఒక రసాయన చర్య, ప్రతి చర్యకూ ఒక కారణం. అకాడమీ తన పాత సంపుటాలన్నిటినీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది, లాగిన్ అవసరమే లేదు. ఒక్క వ్యాసం ప్రింటు తీసి నలుగురేసి విద్యార్థులకు ఒక పేజీ చొప్పున పంచి, ‘ఈ పేజీలో వాళ్ళు ఏం చేశారు, ఎందుకు చేశారు’ అని తెలుగులో చెప్పమనండి.


బయోకెమ్ మాస్టారు (గుంటూరు)

శారద గారూ, ఇండియన్ కెమికల్ సొసైటీ పత్రికతో ఆగకుండా ఒక అడుగు పక్కకు వేయండి. మీరు అడిగిన మూడో ప్రశ్నకు ఇంతకన్నా నిజమైన సమాధానం నాకు తెలిసి లేదు. 1905లో అమెరికాలో జాన్ జేకబ్ ఏబెల్, క్రిస్టియన్ హెర్టర్ ప్రారంభించిన జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 2005లో నూరేళ్ళు జరుపుకున్నది. ఆ సందర్భం దగ్గరపడుతుండగా తన పాత సంపుటాల నుంచి వ్యాసాలను ఏరి, ఒక్కొక్కదానికి చిన్న పరిచయం జతచేసి ‘క్లాసిక్స్’ అనే శీర్షిక కింద తిరిగి పాఠకులకు అందించింది. అలా ఎంచుకున్నవాటిలో 1925లో అచ్చయిన ఫిస్కే, సుబ్బారావుల వ్యాసం ఒకటి. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. పత్రిక 66వ సంపుటం, 375వ పేజీ. ఆయన అమెరికా చేరి అప్పటికి రెండేళ్ళు.

జీడిమెట్ల వారు జాబితాల గురించి విసుక్కున్నారు గాని, ఇటువంటి ఎంపిక నాకు నచ్చుతుంది, ఎందుకంటే అది ఎన్నిసార్లు ఉదహరించారన్న అంకెతో ఆగకుండా ఆ వ్యాసం ఏం చేసిందో చెబుతుంది. సుబ్బారావు గారి పేరు చెప్పగానే మనవాళ్ళు మందులు, నోబెల్ రాకపోవడం, మరచిపోయిన లోకం అంటూ మొదలుపెడతారు. ఆ వ్యాసం మాత్రం ఎవరూ చదవరు. అందులో ఉన్నది ఒక కొలత పద్ధతి. రక్తంలోనో మూత్రంలోనో ఉన్న ఫాస్ఫేట్‌కు ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫోమాలిబ్డేట్ ఏర్పడుతుంది. దాన్ని తగిన క్షయకరణితో (రెడ్యూసింగ్ ఏజెంట్‌తో) క్షయీకరిస్తే నీలం రంగు వస్తుంది, ఆ నీలం ఎంత గాఢమో ఫాస్ఫరస్ అంత. అంతకుముందు వాడుతున్న హైడ్రోక్వినోన్ స్థానంలో వాళ్ళు అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని పెట్టారు. రంగు త్వరగా వచ్చింది, నమ్మదగినదిగా వచ్చింది. ఆనాటి కలరీమీటరులో తెలిసిన ద్రావణాన్ని, తెలియని ద్రావణాన్ని పక్కపక్కన చూస్తూ కంటితోనే రంగు సరిపోల్చేవారు.

అసలు కథ తరువాతది. కండరం నుంచి తీసిన ద్రావణంతో ఇదే పరీక్ష చేస్తే నీలం రంగు వెంటనే పూర్తిగా రాలేదు, కొంతసేపు పెరుగుతూ పోయింది. ఇంకొకరైతే పద్ధతిలో లోపమని వదిలేసేవారు. వీళ్ళు మాత్రం, ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతున్న పదార్థమేదో కండరంలో ఉందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్ పత్రికలో క్లుప్తంగా ప్రకటించి, 1929లో మళ్ళీ జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలోనే వివరంగా రాశారు. అదే 1929లో, కణాలకు శక్తిని అందించే ఏటీపీ గురించి వారి ప్రకటన కూడా వచ్చింది, జర్మనీలో లోమాన్ కూడా విడిగా దానినే కనుగొన్నాడు. ఒక కొలత పద్ధతి, ఆ పద్ధతిలో కనిపించిన ఒక తేడా, ఆ తేడా నుంచి ఒక ఆవిష్కారం: ఇవన్నీ నాలుగేళ్ళలో రెండు పత్రికల పేజీలలో వరసగా చూడవచ్చు. ఇదే పత్రికలో 1951లో వచ్చిన లౌరీ బృందం వ్యాసం, ప్రోటీనును కొలిచే పద్ధతి, లోకంలో అత్యధికంగా ఉదహరించబడిన పరిశోధన వ్యాసం. మూడు లక్షలకు పైగా సార్లు. ఆ మొదటి స్థానం కూడా ఒక కొలత పద్ధతికే దక్కిందని పిల్లలకు చెప్పండి.

నా సలహా ఇది. ఉదయం వ్యాసం చదివించండి, మధ్యాహ్నం ల్యాబులో ఆ ప్రయోగాన్నే చేయించండి. ఆ పత్రిక పాత సంపుటాలు కూడా ఉచితంగానే దొరుకుతాయి.


శారద

అందరికీ కృతజ్ఞతలు. మా సీనియర్ మాస్టారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. సుబ్బారావు గారి సంబంధం లేని చుట్టరికం కాదని ఆయన ఒప్పుకున్నారు.

ఇలా అనుకుంటున్నాము. ఉదయం మొదటి గంట ఇండియన్ కెమికల్ సొసైటీ పత్రిక పుట్టుక, ఘోష్ గారి వ్యాసం, మెండెలీవ్ సంగతి. తరువాత వాల్తేరు వారు చెప్పినట్లు పత్తి పువ్వుల వ్యాసాన్ని పేజీలుగా పంచి చదివించడం. జీడిమెట్ల వారి సూచన ప్రకారం లాగిన్ పనిని గ్రంథాలయంలో ముందు రోజే ముగించేస్తాము, లేకపోతే ఆ రోజంతా పాస్‌వర్డులతోనే గడిచిపోతుంది. మధ్యాహ్నం ప్రయోగం. క్విజ్ తీసేశాము, దండ కూడా.

ప్రయోగం గురించి బయోకెమ్ మాస్టారిని రెండు విషయాలు అడగాలి. రక్తం, మూత్రం నమూనాలు మా కళాశాలలో కుదరవు. ఫాస్ఫేట్ ఉన్న వేరే పదార్థం, పిల్లలకు పరిచయమైనది ఏదైనా వాడవచ్చా? మా దగ్గర ఉన్నది మామూలు ఫిల్టర్ కలరీమీటరు, దానితో పని జరుగుతుందా?


బయోకెమ్ మాస్టారు (గుంటూరు)

మామూలు కలరీమీటరు చాలు. ఎరుపు ఫిల్టరు, 660 నానోమీటర్ల దగ్గరది, పెట్టండి.

నమూనాకు డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేట్) ఎరువు వాడండి. ఎరువుల దుకాణంలో దొరుకుతుంది, రైతు కుటుంబాల పిల్లలకు ఆ బస్తా బాగా తెలుసు. బస్తా మీద రాసే 18:46లో రెండో అంకె ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ శాతం, దాన్ని ఫాస్ఫరస్‌లోకి మార్చితే దాదాపు 20 శాతం. లీటరు నీటిలో అర గ్రాము డీఏపీ కరిగిస్తే లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉన్న ద్రావణం వస్తుంది. ప్రామాణిక ద్రావణం కోసం ఆరబెట్టిన పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.4394 గ్రాములు తూచి లీటరుకు తెస్తే అది కూడా సరిగ్గా 100 మిల్లీగ్రాములే. రెండింటినీ పదింతలు పలుచన చేసి వాడండి. ప్రామాణిక ద్రావణం నుంచి 1 నుంచి 5 మిల్లీలీటర్ల దాకా అయిదు నాళికలలో తీసుకోండి, ఒక నాళికలో ఉత్త నీరు, ఇంకొక దానిలో 3 మిల్లీలీటర్ల డీఏపీ ద్రావణం. ఒక్కొక్క దానికి 5 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో చేసిన 2.5 శాతం మాలిబ్డేట్ 1 మిల్లీలీటరు, క్షయకరణి 0.4 మిల్లీలీటరు వేసి, నీటితో 10 మిల్లీలీటర్లకు తెచ్చి, కలిపి పది నిమిషాలు ఆగి చదవండి. గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది, డీఏపీ విలువను దానిమీద చూసుకోవచ్చు.

క్షయకరణి తయారీ వ్యాసంలోనే ఉంది: 15 శాతం సోడియం బైసల్ఫైటు 195 మిల్లీలీటర్లలో అర గ్రాము అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం, దానికి 20 శాతం సోడియం సల్ఫైటు 5 మిల్లీలీటర్లు. గోధుమ రంగు సీసాలో పోసి ఉంచండి. ఆమ్లంలో మాలిబ్డేట్ ద్రావణాన్ని మాత్రం మీరే ముందుగా చేసి పెట్టండి, ఆ పని పిల్లలకు వదలవద్దు.

పేలిపోయే ప్రమాదం ఏమీ లేదు గాని పాడైపోయే ప్రమాదం ఒకటి ఉంది. గాజుసామాను సబ్బు పొడితో కడిగితే ఫాస్ఫేట్ మిగిలిపోయి, ఉత్త నీళ్ళ నాళిక కూడా నీలంగా మారుతుంది. అన్నిటినీ పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి డిస్టిల్డ్ వాటర్‌తో తొలపండి. ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. డీఏపీలోని ఫాస్ఫేట్ అంతా నీటిలో కరగదు, కాబట్టి మీకు వచ్చే విలువ 20 శాతం కన్నా కొంత తక్కువగా ఉండవచ్చు. అది చూసి దుకాణదారు మోసం చేశాడని పిల్లలు ఊళ్ళో చెప్పకుండా చూసుకోండి.